కొరడా కర్ర చప్పుడు

గుర్రం దగ్గరికి మాట్లాడకుండా వెళ్ళకూడదు. మొన్న ఇబ్రహీంపట్నం అవతల ఆ గుర్రాల శాలలో అంతమంది మధ్య నేను కేక పెట్టింది అందుకే.

మా మనవరాలు అక్కడ స్వారీ నేర్చుకుంటోంది. ఉన్నవాళ్ళు గుర్రాలు కొనుక్కుని అక్కడ ఉంచుతారట. మేపడం, కడగడం, నాడాలు కొట్టించడం అన్నీ శాలవాళ్ళే చూస్తారు. సొంతదారులు ఆదివారం వచ్చి, ఎక్కి తిరిగి, బుగ్గ నిమిరి వెళ్ళిపోతారు. "నువ్వూ రా అమ్మమ్మా, చూద్దువుగాని" అని పిల్ల కారులో తీసుకెళ్ళింది. ఒక్కో గుర్రానికి ఒక్కో గది, గదికో ఫ్యాను, కుళాయి నీళ్ళు. వాసన మాత్రం మారలేదు. ఎండుగడ్డి, తోలు, చెమట, పచ్చి లద్దె కలిసిన వాసన. కారు దిగుతూనే పట్టేశాను.

పిల్ల ఫోను చూసుకుంటూ ఒక నల్లగుర్రం వెనకగా వెళ్ళి దాని తొడ మీద చెయ్యి వెయ్యబోయింది.

"ముందు నోరు తెరవ్వే!" అని అరిచాను.

అందరూ తిరిగి చూశారు. పిల్ల చెయ్యి గాల్లోనే ఆగింది. నల్లగుర్రం చెవి ఒకటి నా గొంతు వైపు తిరిగింది.

గుర్రాలను కడుగుతున్న మనిషి నవ్వాడు. "మామ్మగారికి గుర్రాలు అలవాటేనా అండీ?"

"అలవాటేమిటయ్యా, నేను పుట్టిందే వాటి కాళ్ళ దగ్గర" అన్నాను.

ఇంటికొచ్చేదాకా పిల్ల వదల్లేదు. నాకు సంతకం వరకే వచ్చు, నేను చెబుతాను నువ్వు రాయి అన్నాను. రాస్తోంది.

వన్‌టౌన్‌లో కాలువ గట్టు కింద మాకు ఒక సావిడి ఉండేది. పైన పాత రేకులు, కింద రాళ్ళు పరిచిన నేల, రెండు వరసల్లో గుంజలు. జట్కా తోలేవాళ్ళు పొద్దుగూకాక బండ్లు గట్టు మీద వదిలేసి, గుర్రాలను తెచ్చి మా గుంజలకు కట్టేవాళ్ళు. నెలకింతని అద్దె. ఒక మూల గోనెపట్టా వేలాడదీసి, దాని వెనక మేము కాపురం ఉన్నాం. నాన్న, అమ్మ, నేను. నాన్నకూ ఒక జట్కా ఉంది. దానికి కట్టే ఆడగుర్రాన్ని మేము ఎర్రది అనేవాళ్ళం. వేరే పేరు పెట్టలేదు.

తెల్లారకముందే పెద్ద డేగిసాలో ఉలవలు ఉడికేవి. ఉడికిన గింజలు గుర్రాలకు, వార్చిన కట్టు మాకు. ఆ కట్టును అమ్మ చింతపండు వేసి, చిక్కబడేదాకా కాచి, ఉల్లిపాయ పోపు పెట్టేది. ఇప్పుడు హోటళ్ళలో చిన్న గిన్నెలో పోసి, మీద మీగడ వేసి తెస్తున్నారు, గొప్ప వంటకమని. మాకు అది మిగిలిన నీళ్ళు. గుర్రాల గుగ్గిళ్ళలో గుప్పెడు దొంగిలించి, పావడాలో మూటగట్టి, ఉప్పు చల్లుకుని తినేదాన్ని. ఎర్రదాని తొట్టిలోంచి మాత్రం తియ్యలేదు. అది పళ్ళు చూపించేది.

సాయంత్రాలు గుర్రాలను కాలువకు తోలుకెళ్ళడం మా పిల్లల పని. జీను లేదు, పాడు లేదు. జూలు పట్టుకుని ఎగిరి ఎక్కి, తొడలతో అదుముకుని కూర్చోవడమే. వీపు వెచ్చగా ఉండేది, రోమాలు పావడాలోంచి గుచ్చుకునేవి. అమ్మ గట్టు మీంచి అరిచేది: "దిగవే! ఆ కాళ్ళు చూడు, జట్కా తోలే మొహమూ నువ్వూనూ!" నాన్న మీసంలో నవ్వుకునేవాడు.

సావిడిలో నాన్న మాటే రూలు. గుర్రం దగ్గరికి వెళ్ళేవాడు ముందు గొంతు వినిపించాలి. అద్దె కడుతున్నంతకాలం ఎవరి గుంజ వాళ్ళదే. ఇంకొకటుంది. బండి లాగలేని గుర్రానికి సావిడిలో గుంజ లేదు. చోటు తక్కువ, గుంజ కోసం బయట కాచుకున్న గుర్రాలు ఎక్కువ. అందుకని ఆ రూలు.

మరి లాగలేని గుర్రాన్ని ఏం చేసేవాళ్ళంటే, కృష్ణ ఇసుకలోకి తోలుకెళ్ళి వదిలేసి వచ్చేవాళ్ళు. పలుపు విప్పి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి వచ్చెయ్యాలి. చప్పుడైతే అది వెంట వస్తుంది. వచ్చినవాడు కాళ్ళు కడుక్కుని కూర్చుంటే ఎవరూ ఏమీ అడగకూడదు.

ఇప్పుడు చెప్పబోయే సంగతికి ముందటేడు సాయిబు తాత తెల్లగుర్రానికి మోకాళ్ళు పట్టుకుపోయాయి. తాత సావిడిలో అందరికంటే పెద్దవాడు. నాన్న ఆయన్ని మామా అనేవాడు, ఆయన నాన్నను అల్లుడూ అనేవాడు. నవ్వులాటలకేం తక్కువ లేదు. అయినా నాన్న రూలు మార్చలేదు. తాత తనే తోలుకెళ్ళి వదిలేసి వచ్చాడు. తర్వాత సైకిల్ రిక్షా తొక్కడం మొదలుపెట్టాడు. కానీ గుంజ వదులుకోలేదు. రోజూ పొద్దున వచ్చి, ఆ ఖాళీ చోటు చీపురుతో ఊడ్చి, గుంజను ఒకసారి తడిమి వెళ్ళేవాడు. ఎవరైనా ఆ గుంజ ఇమ్మని అడిగితే, "అద్దె ఎవడు కడుతున్నాడ్రా? నీ అబ్బా?" అనేవాడు. నాన్నతో మాత్రం అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు.

గుణదల తిరణాలకు బండ్లన్నీ తెరిపి లేకుండా తిరిగాయి. అది అయిపోయి ఎండ ముదురుతున్న రోజులు. ఎర్రదానితో నాకొక ఆట ఉండేది. కాస్త దూరంలో నిలబడి బెల్లంముక్క చూపించి, చెయ్యి వెనక్కి దాచేదాన్ని. అది మెడ సాచి, కోపంగా ముక్కు చీదేది. ఒకరోజు బెల్లం చూపించాను. అది కదల్లేదు. ఇటు జరిగాను, అటు జరిగాను. దాని కళ్ళు తేటగానే ఉన్నాయి, నా మొహం అందులో కనబడుతోంది. అది మాత్రం నన్ను చూడటం లేదు. బెల్లం ముక్కు దగ్గరికి తెస్తేగాని పెదవి కదలలేదు.

నాన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన తోలుపట్టీకి నూనె రాస్తున్నాడు. చెప్పాను. తల ఎత్తలేదు.

"తెలుసులే" అన్నాడు.

"ఎప్పటినుంచి నాన్నా?"

"నోరు మూసుకుని ఉండు. అమ్మకు కూడా చెప్పకు."

బండికి కట్టినప్పుడు గుర్రం కళ్ళకు పక్కన తోలుముక్కలు ఉంటాయి, బెదరకుండా. దాంతో ఎవరికీ తెలియలేదు. మరి అది ఎట్లా నడిచేదంటే, నాన్న కొరడా కర్రతో. అప్పట్లో జట్కావాళ్ళంతా కొరడా కర్రను తిరిగే చక్రం ఆకుల్లో, అంటే చెక్క చువ్వల్లో, ఆనించి టకటకమనిపించేవాళ్ళు, జనం దారి ఇవ్వడానికి. నాన్న దాన్ని ఎర్రదానికి చూపుగా అలవాటు చేశాడు. టకటక వినిపిస్తే నడవాలి. ఆగిపోతే ఆగాలి. పక్కలకు తిప్పడానికి పగ్గం. నన్ను బండి ముందు, గుర్రాన్ని కట్టే నొగల పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. "గుంట కనబడితే చెప్పు. ఆవు అడ్డమొస్తే చెప్పు. మెల్లగా చెప్పు, వెనక పిల్లలు వినకూడదు."

వెనక ఉన్నది బడిపిల్లలు. కాలువ వంతెన దాటించి పొద్దున దింపి, ఒంటిపూట బడి వదిలాక మళ్ళీ తేవాలి. సామాన్లు లారీలకు పోయాయి, మనుషులు రిక్షాలకు పోయారు. మాకు మిగిలింది ఆ పిల్లలే.

అమ్మకు ఎన్నాళ్ళు తెలియకుండా ఉంటుంది? ఒకనాడు కాస్త జరిపి పెట్టిన నీళ్ళ తొట్టికి ఎర్రది మోకాళ్ళు గుద్దుకుంది. అమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

"దీనికి కనబడటం లేదు కదయ్యా" అంది.

నాన్న తొట్టిని మళ్ళీ దాని చోటికి జరిపాడు.

"పరాయి తల్లులు పిల్లల్ని నీ చేతిలో పెట్టి పంపుతున్నారు. గుడ్డిదాని వెనక కూర్చోబెట్టి వంతెన ఎక్కిస్తావా?"

"అది నా చెయ్యి తప్పి అడుగెయ్యదే."

"నీ చెయ్యి తప్పితే?"

"బండి మానిస్తే అది ఎక్కడికి పోవాలో నీకు తెలుసుగా" అన్నాడు నాన్న.

అమ్మ సాయిబు తాత ఖాళీ గుంజ వైపు చూసింది. చేట కింద పడేసి గోనెపట్టా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ పూట పొయ్యి వెలగలేదు.

మర్నాడు పిల్లలతో వంతెన ఎక్కుతున్నాం. మధ్యలో ఎత్తుగా ఉండే పాత వంతెన అది. ముందు రెండెడ్ల బండి, వెనక లారీ. నేను "రాయి ఉంది, కుడికి" అన్నాను. నాన్న పగ్గం లాగాడు. అప్పుడు చక్రం ఆకుల మధ్య కొరడా కర్ర ఫట్‌మని విరిగింది.

టకటక ఆగిపోయింది. ఎర్రది ఆగిపోయింది. ఎక్కుడు మధ్యలో, గుంజలాగా.

నాన్న నాలుకతో టక్కుటక్కుమన్నాడు, అదిలించాడు. వెనక లారీవాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు, ఏ మాటా దానికి వినబడటం లేదు. నేర్పింది నేర్పినట్టే చేస్తోంది. చప్పుడు లేదు కాబట్టి నడవదు. బండి మెల్లగా వెనక్కి జారింది. కూర్చున్న గడ్డి మీద పిల్లలు వెనక్కి జరిగారు, బరువంతా వెనక పడింది. నొగలు పైకి లేవడం మొదలైంది. ఎర్రదాని ముందుకాళ్ళు రాళ్ళ మీద గీసుకున్నాయి.

"ముందుకు! అందరూ ముందుకు జరగండర్రా! నా వీపు మీద పడండి!" అని నాన్న అరిచాడు. రోజూ బరువు సరిచెయ్యడానికి అనే మాటే అది. ఆ గొంతు మాత్రం నేను అంతకుముందు వినలేదు. పిల్లలు ఏడుస్తూ ఆయన మీద కుప్పగా పడ్డారు.

నేను దూకేశాను. ఎర్రదాని ముందుకు వెళ్ళి పేరు లేనిదాన్ని ఏమని పిలవాలో తెలియక, "నేనే, నేనే" అంటూ కళ్ళెం పట్టుకున్నాను. వినలేదు. విరిగిన కర్ర అందుకుందామంటే అది చక్రం కింద ఇరుక్కుపోయింది. పక్కనే ఒక పిల్లదాని టిఫిను డబ్బా దొర్లి పడుంది. మూత తీసి, పెరుగన్నం పారబోసి, మూతతో డబ్బా మీద కొట్టాను. చక్రం చప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా. టకటకటక. దాని చెవి దగ్గర.

రెండు చెవులూ నిక్కాయి. మెడ వంచింది. తొడలు వణికాయి. ఒక అడుగు వేసింది.

కొడుతూ వెనక్కి నడిచాను, అది నా వెంట నడిచింది. వంతెన దిగేదాకా కొట్టాను. చేతివేళ్ళు తెగిన సంగతి తర్వాత చూసుకున్నాను.

అవతల గట్టున నాన్న పిల్లలందర్నీ దింపాడు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకోండి అని, బడి దాకా నడిపించుకు వెళ్ళాడు. బడి వదిలాక మళ్ళీ నడిపించుకొచ్చి, ఎవరింటి ముందు వాళ్ళను దింపి, ప్రతి గుమ్మంలోనూ చెప్పాడు: "రేపటినుంచి నా బండి రాదమ్మా. మా గుర్రానికి చూపు లేదు. ముందే చెప్పాల్సింది." ఒకావిడ తిట్టింది. నాన్న తల వంచుకుని పూర్తిగా విన్నాడు.

ఆ సాయంత్రానికి సావిడంతా తెలిసిపోయింది. గుంజ కోసం బయట కాచుకున్న కుర్ర జట్కావాడొకడు, "రూలు రూలే కదా బాబాయ్?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాన్న అతని వైపు చూసి, "రేపు కట్టుకో" అన్నాడు.

పొద్దున అమ్మ ఉలవల్లో ఇంట్లో ఉన్న బెల్లమంతా కలిపి పెట్టింది. ఎర్రది తొట్టి అడుగు నాకేదాకా పక్కనే నిలబడింది.

"బండికి కట్టొద్దన్నాను. ఇట్లా చెయ్యమన్నానా?" అంది.

"సాయిబు మామ గుర్రానికి ఒక మాట, నా గుర్రానికి ఒక మాటా?" అన్నాడు నాన్న.

సాయిబు తాత తన చోటు ఊడుస్తూ ఇదంతా విన్నాడు. తల ఎత్తలేదు. చీపురు గోడకు ఆనించి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎండ నెత్తికెక్కాక బయల్దేరాం. నన్ను రావద్దన్నాడు. నేను పలుపు పట్టుకుని వదల్లేదు. గట్టు దిగి, ఇసుకలో చాలా దూరం నడిచాం. కాళ్ళు కాలుతున్నాయి. దూరంగా సన్నగా నీటి పాయ, మనిషన్నవాడు లేడు. నాన్న ఆగి నా కాళ్ళ వైపు చూశాడు. మోగకుండా కాళ్ళ పట్టీలు విప్పి గుప్పిట్లో బిగించుకున్నాను.

పలుపు విప్పాడు. దాని నుదుటి మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. తర్వాత చెయ్యి తీసి, నోటి మీద వేలు పెట్టి నాకు చూపించాడు. ఇద్దరం వెనక్కి నడిచాం. ఇసుకలో అడుగు చప్పుడు ఉండదు. అందుకే అక్కడికి తెచ్చేవాళ్ళని అప్పుడు తెలిసింది.

ఎర్రది ముందు కదల్లేదు. ఆగమన్నామనుకుంది. చెవులు మాత్రం ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతున్నాయి. మా గొంతు కోసం. కాసేపటికి మెడ తిప్పింది. మేమున్న వైపు కాదు, వేరే వైపు. చిన్నగా సకిలించింది. ఎవరో పలుకుతారేమోనని మళ్ళీ ఆగి విన్నది. నాన్న నా నోటి మీద చెయ్యి అదిమాడు. ఆ చెయ్యి తడిగా ఉంది. ఆయన దవడ ఎముక కదలడం నాకు కనబడుతోంది.

టకటకటకటక.

గట్టు మీంచి. నాన్న నిలబడిపోయాడు.

సాయిబు తాత రిక్షా ముందు చక్రం ఎత్తిపట్టుకుని చేత్తో గిర్రున తిప్పుతున్నాడు. తన పాత కొరడా కర్రను చువ్వల్లో ఆనించాడు. ఎండలో ఆ చప్పుడు ఇసుకంతా పరుచుకుంది.

ఎర్రది తల ఎత్తింది. అడుగేసింది. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతూ, తడబడుతూ, ఆ చప్పుడు వైపే నడిచింది. మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళింది, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా. మేము ఊపిరి కూడా పీల్చలేదు.

గట్టు ఎక్కేసరికి తాత దాని మెడకు పలుపు వేస్తున్నాడు.

"ఇదేమిటి మామా?" అన్నాడు నాన్న.

"ఏముంది? ఇసుకలో గుర్రం దొరికింది. నాది."

"మామా, రూలు..."

"నీ గుర్రానికి గుంజ లేదు. ఒప్పుకున్నా. నువ్వు వదిలేశావు, అయిపోయింది. ఇది నా గుర్రం. నా గుంజకు కట్టుకుంటా. అద్దె ఎవడు కడుతున్నాడు అల్లుడూ?"

"అది బండి లాగదు కదా."

"నేను లాగుతున్నాగా" అన్నాడు తాత, రిక్షా మీద చెయ్యి వేసి.

తాత పలుపు నా చేతికిచ్చి, నడిపించమన్నాడు. రిక్షా తోసుకుంటూ మా ముందు నడిచాడు, కర్ర చువ్వలకు తగిలిస్తూ. సావిడి మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు: "ఆ రోజు నా తెల్లదాని కోసం ఎవడూ చప్పుడు చెయ్యలేదురా."

నాన్న అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు. చాలాసేపటికి వచ్చాడు. వచ్చి, తాత గుంజ దగ్గర నిలబడి, "ఎర్రదానా, నేను" అని గొంతు వినిపించి, అప్పుడు చెయ్యి వేశాడు. తర్వాత ఏ గుర్రానికీ ఆ రూలు చెప్పలేదు. సావిడి ఇరుకైపోయింది. మేము పడుకునే చోటు దాకా గుంజలు వచ్చాయి. అమ్మ సణుగుతూనే వాటన్నిటికీ ఉలవలు ఉడికించింది. ఎర్రది చివరికి తాత గుంజ దగ్గరే పోయింది. జట్కాలు పోయాయి. సావిడి ఉన్నచోట ఇప్పుడు మూడంతస్తుల సెల్‌ఫోన్ల కొట్లు. ఆ దారిన వెళ్తుంటే వాసన కోసం ముక్కు ఎగబీలుస్తాను. కొత్త ప్లాస్టిక్కు కంపు తప్ప ఏమీ రాదు.

మా ఆయనకు చివర్లో షుగరుతో చూపు పోయింది. భవానీపురంలో ఇరుకు గదిలో ఇద్దరమే. చూడ్డానికొచ్చినవాళ్ళంతా, "ఎట్లా నెట్టుకొస్తున్నావే?" అనేవాళ్ళు. నాకు కొత్తేముంది? కుర్చీ ఉన్నచోటు నుంచి జరపలేదు. గిన్నెలు కావాలనే మోగించేదాన్ని. మంచం దగ్గరికి వెళ్ళేటప్పుడు "నేనే" అంటూ వెళ్ళేదాన్ని.

మొగుడూ పెళ్ళాలన్నాక పోట్లాటలు ఉంటాయి. గుడ్డివాడైనంత మాత్రాన నోరు ఊరుకుంటుందా? ఒకరోజు ఏదో అన్నాడు, నాకు ఒళ్ళు మండి మూల కూర్చుని మాట్లాడటం మానేశాను. గదిలోనే ఉన్నాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. మెడ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నేను లేని వైపు మొహం పెట్టి, చిన్నగా, "ఉన్నావా?" అన్నాడు. ఆగి విన్నాడు.

నా కళ్ళ ముందు ఆ ఇసుక తిరిగింది. కోపం ఇంకా పోలేదు. నోట మాట రాలేదు. పక్కనే ఉన్న స్టీలు గ్లాసు తీసుకుని, చెంచాతో దాని మీద కొట్టాను.

టకటకటక.

ఆయన మొహం నా వైపు తిరిగింది.